వికేంద్రిత మాధ్యమములలో సమూహములు

కొన్ని వారముల క్రిందట ఒక శ్రోత మాకొక జాబు వ్రాసినారు. వారు తాము చిరకాలముగా వాడుచుండిన పెద్ద సామాజిక మాధ్యమమును విడిచి, మాస్టొడాన్ అను వికేంద్రిత మాధ్యమములో, స్నేహితులొకరు నడుపుచున్న చిన్న సర్వరునందు ఖాతా తెరచినారట. తమ పెరటి మొక్కలను గూర్చి తెలుగులో నాలుగు మాటలు వ్రాసి, చివర ‘పెరటితోట’ అను హ్యాష్‌ట్యాగును తగిలించి, ఇరువది దినములు ఎదురు చూచినారట. ఒక్కరును పలుకలేదు. ఆ హ్యాష్‌ట్యాగును నొక్కి చూడగా వారి వ్రాతలే వారికి కనబడినవి. “ఇచ్చట తెలుగువారెవ్వరును లేరా? నేను మరల పాత చోటికే పోవలెనా?” అని వారి ప్రశ్న.

తెలుగువారు లేకపోలేదు. మేము వేరొక సర్వరులో మాకు గల ఖాతా నుండి అదే హ్యాష్‌ట్యాగును వెదకితిమి. ముగ్గురు నలుగురి వ్రాతలు కనబడినవి. బీరపాదుకు పట్టిన తెగులేమిటో చెప్పుడని ఒకరు అడిగిన ప్రశ్న కూడ వానిలో నుండెను. దానికి జవాబు చెప్పగలిగిన మా శ్రోత వ్రాతలు మాత్రము అందు లేవు. అనగా ఒకే విషయమును గూర్చి, ఒకే భాషలో, ఒకే గుర్తుతో వ్రాయుచున్నవారు ఎవరికి వారు తాము ఒంటరివారమని తలంచుచున్నారు. లోపము వారియందు లేదు. హ్యాష్‌ట్యాగు పని చేయు తీరులో కలదు. మా శ్రోతవలె నిరాశపడి వెనుకకు మరలువారు మరికొందరు ఉండవచ్చును గనుక దీనిని కొంచెము వివరముగా చెప్పుట మంచిదని తోచినది.

హ్యాష్‌ట్యాగు పుట్టుకయే చిత్రమైనది. 2007 ఆగస్టు 23వ తేదీన క్రిస్ మెస్సీనా అను అమెరికా దేశస్థులు ట్విట్టరులో ఒక సూచన చేసిరి. ఒక మాటకు ముందు, రెండు అడ్డగీతలు రెండు నిలువుగీతలు గల ఆ గుర్తు నుంచి, దానిని సమూహములకు వాడుకొనిన నెట్లుండునని వారు అడిగిరి. గమనింపుడు: సమూహములకు! ఆ గుర్తు వారికి కొత్తది కాదు. 1988లో ఫిన్లండు దేశమున యార్కో ఓయికరినెన్ నిర్మించిన ఐ.ఆర్.సి. అను సంభాషణ వ్యవస్థలో గదుల పేర్లకు ముందు అదే గుర్తు ఉండెడిది. అచ్చట ఒక గదిలో ప్రవేశించినవారు అందు పలికిన మాటలన్నిటిని విందురు. ట్విట్టరునకు వచ్చునప్పటికి గది పోయినది, తలుపు పోయినది, గుర్తు మాత్రము మిగిలినది. అదే సంవత్సరము అక్టోబరులో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో ప్రాంతమున కార్చిచ్చు చెలరేగినపుడు జనులు ఒక హ్యాష్‌ట్యాగుతో వార్తలను ఒకరికొకరు అందించుకొనిరి. 2009లో ట్విట్టరు సంస్థవారు ఆ మాటలను నొక్కినంతనే ఆ గుర్తు గల వ్రాతలన్నియు వరుసగా కనబడునట్లు చేసిరి. ఆ పిమ్మట దాని వ్యాప్తిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు.

అది అంత సులువుగా పని చేయుటకు కారణమొక్కటే. ట్విట్టరులోని సమస్తమైన వ్రాతలును ఒక్క సంస్థవారి భాండారములో నుండెడివి. కిరాణాకొట్టులో సరకంతయు ఒకే కప్పు క్రింద నున్నపుడు, ఫలాని చీటీ అంటించిన డబ్బాలన్నియు తెమ్మనిన గుమాస్తా క్షణములో తెచ్చి ముందుంచును. చీటీ ఎవరు అంటించిరి, ఎపుడు అంటించిరి అను విచారము అతనికి అక్కరలేదు.

ఇక వికేంద్రిత మాధ్యమమును చూడుడు. మాస్టొడానును 2016లో జర్మనీలో ఆయ్‌గెన్ రాహ్కో ప్రారంభించిరి. అది ఒక్క కొట్టు కాదు. వేలకొలది వేరు వేరు సర్వర్లు; కొన్నిటిలో లక్షల ఖాతాలు, కొన్నిటిలో ఒకే ఒక్కటి. ఒక్కొక్కదానిని ఒక్కొక్కరు తమ ఖర్చుతో, తమ నియమములతో నడుపుకొనుచున్నారు. వీనిలో ఒకదాని వ్రాత మరియొకదానికి ఊరకే పోదు. రామాపురము సర్వరులోని సీతమ్మగారిని కృష్ణాపురము సర్వరులోని ఎవరైనను అనుసరించుచున్నచో, సీతమ్మగారు వ్రాసినదాని ప్రతి ఒకటి కృష్ణాపురమునకు పోవును. ఎవ్వరును అనుసరింపనిచో, అక్కడివారెవరైన ఆమె వ్రాతను పనిగట్టుకొని పంచిపెట్టిననే తప్ప, అది ఊరు దాటదు. ఊళ్ల పేర్లు మేము కల్పించినవే గాని పద్ధతి ఇదియే.

కావున మీరు హ్యాష్‌ట్యాగును నొక్కినపుడు మీ సర్వరు లోకమంతయు గాలించి చూచుట లేదు. తన అలమారలో అంతవరకు చేరిన ప్రతులలో మాత్రమే వెదకి చూపుచున్నది. జనము ఎక్కువగా నున్న సర్వరులోనివారు ఎందరినో అనుసరించుచుందురు గనుక దాని అలమార నిండుగా నుండును. పదిమంది ఉన్నదాని అలమార సగము ఖాళీ. మా శ్రోత కథ అంతయు ఇందులోనే యున్నది. వారు దండోరా వేసినారు. కాని అది వారి వీధిలోనే మ్రోగినది. వికేంద్రీకరణమునకు ప్రాణము చిన్న సర్వర్లే. వానిని నమ్మి చేరినవారికే ఈ శిక్ష పడుట మాకు న్యాయముగా తోచదు.

2022 నవంబరులో విడుదలయిన మాస్టొడాన్ నాలుగవ సంచికలో హ్యాష్‌ట్యాగునే అనుసరించు సౌకర్యము కల్పింపబడినది. దానిని చూచి పలువురు చిక్కు విడినదనుకొనిరి. విడలేదు. అలమారకు చేరినవానిని ఆ సౌకర్యము మీ యెదుటికి తెచ్చి పెట్టును గాని చేరనివానిని పిలిచి తేలేదు. ‘రిలే’లు అను మధ్యవర్తి యంత్రములు కలవు. తమతో చేరిన సర్వర్ల బహిరంగ వ్రాతలన్నిటిని అవి ఒకదాని నుండి ఒకదానికి మోయును. కొంత మేలే, కాని పెరటితోటను గూర్చి నాలుగు వ్రాతలు కావలెనన్న, వానితో పాటు అక్కరలేని వేల వ్రాతలను దింపుకొని నిలువచేయవలెను. చిన్న సర్వరునకు అది మోయరాని బరువు. బ్లూస్కై అను వేరొక మాధ్యమములో మాత్రము మార్గము భిన్నము: అచ్చట మొత్తము వ్రాతలను ఒకచోటికి రాబట్టి అందరికి అందించు పెద్ద యంత్రముండును గనుక హ్యాష్‌ట్యాగు పూర్తిగనే పనిచేయును. అట్టి యంత్రమును నిలుపుట అందరికి సాధ్యమయ్యెడి పని కాదు.

మన భాషవారికి ఇంకొక చిక్కు కలదు. ఇంగ్లీషువాడు వాక్యము నడుమనే ఒక మాటకు గుర్తు పెట్టి సాగిపోగలడు. తెలుగులో విభక్తి మాటకు అంటుకొనియుండును. ‘విజయవాడ’ ఒక హ్యాష్‌ట్యాగు, ‘విజయవాడలో’ అనినచో యంత్రమునకు అది వేరొకటి, ‘విజయవాడకు’ మూడవది. ‘వరద’ వేరు, ‘వరదలు’ వేరు. ‘హైదరాబాదు’ అని వ్రాయువారున్నారు, ‘హైదరాబాద్’ అని వ్రాయువారున్నారు. ఇక ఇంగ్లీషు అక్షరములలో తెలుగును వ్రాయువారి వర్ణక్రమములను లెక్కించుట మా తరము కాదు. ఇవి అన్నియు మనకు ఒకే మాట. యంత్రమునకు వేరు వేరు కుప్పలు. అసలే సగము ఖాళీగానున్న అలమారలో ఉన్న కొద్ది సరకును మరల పది గూళ్లలోనికి చీల్చినట్లగును.

పెరటితోటల విషయములో దీనివలన కలుగునది విసుగు మాత్రమే. వేరు సందర్భములలో అట్లు కాదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని అనేక పేటలు నీట మునిగినవి. అట్టి సమయమున ఒక చిన్న సర్వరులోని గృహస్థు మేడమీద నిలిచి, పడవ కావలెనని వ్రాసి, చివర ‘బెజవాడముంపు’ అని తగిలించెననుకొందము. పడవ గలవారు వేరొక సర్వరులో ‘విజయవాడవరదలు’ అను హ్యాష్‌ట్యాగును చూచుచున్నారనుకొందము. ఇరువురును తమ పని తాము సక్రమముగనే చేసిరి. మాట మాత్రము కలియలేదు. శాన్ డియేగోలో 2007లో పని చేసిన ఉపాయము ఇచ్చట ఏల చేయదో దీనివలన తెలియును. అచ్చట కొట్టు ఒక్కటే. (ఇట్టి ఆపదలో మొదట టెలిఫోను చేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.)

దీనికి ప్రతిగా చెప్పదగినది సమూహము. వికేంద్రిత మాధ్యమములు తమలో తాము మాటాడుకొను భాషకు యాక్టివిటీపబ్ అని పేరు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు 2018 జనవరి 23న దానిని ప్రమాణముగా అంగీకరించిరి. దానికి తోడుగా 2017లో ప్రకటింపబడిన పదజాలములో ఖాతాలు గలవారు ఐదు విధములని చెప్పబడినది: వ్యక్తి, సంస్థ, సేవ, అప్లికేషను, సమూహము. సమూహమనగా ఇచ్చట మాటకు అంటించిన చీటీ కాదు. వ్యక్తికి వలెనే దానికి ఒక చిరునామా, ఒక తపాలా పెట్టె ఉండును. ఇష్టమున్నవారు ఏ సర్వరు నుండియైనను దానిని అనుసరింతురు. సభ్యులలో ఒకరు తమ వ్రాతలో ఆ చిరునామాను పేర్కొనినచో వ్రాత సమూహపు పెట్టెలో పడును. వెంటనే సమూహము దానిని తన సభ్యులున్న సర్వర్లన్నిటికి తానే చాటును.

భేదమును ఇంకొకమాఱు చూడుడు. హ్యాష్‌ట్యాగులో పాఠకుని సర్వరు వెదకుకొనవలెను. సమూహములో వ్రాత తానే నడచి వచ్చును. వ్రాసినవారికి అనుచరుడొక్కడును లేకపోయినను చింత లేదు. చదువువారి సర్వరులో జనము లేకపోయినను చింత లేదు. ఒంటరి సర్వరులోని ఒకే ఒక్క సభ్యునికి అందు వ్రాతలును, లక్షమంది గల సర్వరులోని సభ్యునికి అందు వ్రాతలును ఒకటే. చేరిన దినము నుండి వచ్చునవి అందరికి అందును. పాతవి సాధారణముగా రావు. వర్ణక్రమపు బాధయు తీరును. చిరునామా ఒక్కటే గనుక వాక్యములో ఏ విభక్తియైనను వాడుకొనవచ్చును.

2010లో ఆరంభమైన ఫ్రెండికా అను మాధ్యమములో ఇట్టి సమూహపు ఖాతాలను తెరచు సౌకర్యము కలదు. 2019లో మొదలయిన లెమ్మీ యందు సమస్తమును సమూహములతోనే నడచును. 2023 జూనులో రెడ్డిట్ వారి నిర్ణయములపై అలిగి వచ్చిన వేలమంది దానిలో చేరిరి. మాస్టొడాన్ తొలుత సమూహములను సృష్టించు సాధనము లేకుండగనే వెలువడినది. అయినను వేరొకచోట నున్న సమూహమును మాస్టొడాన్ నుండి అనుసరించుటకు అడ్డంకి లేదు. ఇది చాలమందికి తెలియదు.

ఈ ఏర్పాటు కొత్తదేమియు కాదు. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అనువారు యూజ్‌నెట్ అను వ్యవస్థను తలపెట్టిరి. మరుసటి సంవత్సరము అది నడక సాగించినది. అందు యంత్రములు టెలిఫోను తీగెల మీదుగా ఒకదానికొకటి వార్తల ప్రతులను అందించుకొనెడివి. కేంద్రమన్నది లేదు. వార్తలు మాత్రము మొదటి నుండియు విషయానుసారముగా సమూహములలోనే పంచబడెడివి. 1987లో ఆ సమూహముల పేర్లను ఏడు పెద్ద శాఖల క్రిందికి సరిదిద్దిరి. సమాజ సంస్కృతులకు కేటాయించిన శాఖలో భారతీయులకు, వారిలో మరల తెలుగువారికి ఒక ప్రత్యేక సమూహము ఏర్పడినది. తొంబదులలో అమెరికాలోని తెలుగు విద్యార్థులును ఉద్యోగులును పద్యములను గూర్చి, పచ్చళ్లను గూర్చి, వీసాలను గూర్చి అచ్చటనే వాదించుకొనిరి. తెలుగు లిపి యంత్రములపై నడువని కాలమది. రైస్ విశ్వవిద్యాలయములో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతిని అనుసరించి, ఇంగ్లీషు అక్షరములలో తెలుగును వ్రాసికొనుచుండిరి. ఎవ్వరును హ్యాష్‌ట్యాగు నెరుగరు. అయినను ఒకరి నొకరు కనుగొనిరి. తెలుగు సమూహము ఎచ్చటనున్నదో తెలిసిన చాలును.

యూజ్‌నెట్ మరియొక పాఠమును కూడ నేర్పినది. 1994 ఏప్రిలులో ఇరువురు న్యాయవాదులు అమెరికా గ్రీన్ కార్డు లాటరీని గూర్చిన తమ ప్రకటనను వేలకొలది సమూహములలో ఒక్కమాఱుగా కుమ్మరించిరి. కావలి లేని సమూహములు దానిని ఆపలేకపోయినవి. అట్టి ప్రకటనలు నానాటికి పెరిగి, మంచివారొకరొకరే లేచిపోయిరి. 2024 ఫిబ్రవరి 22 నుండి గూగుల్ వారు సైతము తమ సేవ ద్వారా యూజ్‌నెట్ కొత్త వ్రాతలను చూపుట మానివేసిరి.

హ్యాష్‌ట్యాగునకు ఎన్నడును కావలి ఉండదు. మందుల వ్యాపారి యొకడు తన ప్రకటనకు ‘పెరటితోట’ అని తగిలించినచో అడ్డగించువారెవరు? ఏ సర్వరునకు ఆ సర్వరు నిర్వాహకుడు తుడువవలసినదే. సమూహమునకైతే మోడరేటరు ఉండును. అనుచితమైన వ్రాతను అతడు తీసివేసిన, ఆ తీసివేత కూడ సభ్యుల సర్వర్లకు తెలుపబడును. అయితే అన్ని సమూహములు ఇట్టివి కావు. తమ పేరు ఎత్తిన ప్రతి వ్రాతను, మంచి చెడులు చూడక, యంత్రమువలె చాటివేయునవి కొన్ని కలవు. అవి పేరునకు సమూహములే గాని గుణమునకు హ్యాష్‌ట్యాగులే. మా అభిప్రాయములో వానిని ముఖ్యమైన పనులకు నమ్ముకొనరాదు.

మోడరేటరు ఉండుట మేలని చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. రచ్చబండ ఎవరి వాకిట నున్నదో వారి మాట చెల్లుట లోకరీతి. పాత యూజ్‌నెట్ సమూహము ఏ ఒక్క ఇంటిలోను లేదు. ప్రతి యంత్రములోను దాని ప్రతి ఉండెడిది, ఒకటి ఆగినను మిగిలినవానిలో సంభాషణ సాగెడిది. నేటి సమూహమట్లు కాదు. అది ఒక సర్వరులో నివసించును. ఆ సర్వరు నిలిచిన సమూహము నిలుచును. లెమ్మ్ డాట్ ఈఈ అను పెద్ద సర్వరును స్వచ్ఛందముగా నడుపుచుండినవారు అలసిపోయి, 2025 జూన్ నెలాఖరున దానిని మూసివేసిరి. ముందుగా ప్రకటించిరి గనుక పలు సమూహములవారు వేరు ఇండ్లు వెదకికొనిరి. అయినను సభ్యులు కొత్త చిరునామాలో మరల ఎవరికి వారు చేరవలసినదే. వికేంద్రీకరణము పేరిట ఇల్లు విడిచి వచ్చి, మరల ఒక్క యింటి దూలమును నమ్ముకొనుట ఇది. హ్యాష్‌ట్యాగునకు ఈ బాధ లేదు. ఇల్లే లేనిదానికి కూలుట ఎక్కడిది?

ఒకే విషయమునకు నాలుగు సర్వర్లలో నాలుగు సమూహములు పుట్టుటయు కలదు. ఒక్కొక్కచోట ఇరువదిమంది, ఎవరి గోల వారిది. తెలుగువారి సంఘముల సంగతి ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఉన్న సమూహమును వెదకి చేరుట, దొరకనిచో మాత్రమే కొత్తది పెట్టుట మంచిది. పెట్టువారు కనీసము ఇరువురు మోడరేటర్లను, ఖర్చు భరించుచు ముందునోటీసు ఇయ్యగల సర్వరును చూచుకొనవలెను.

ఇక చేరు విధానము. సమూహపు చిరునామాకు రెండు భాగములు: పేరు, అది నివసించు సర్వరు. మాస్టొడానులో వెదకు పెట్టెయందు ఆ రెండును గల పూర్తి చిరునామాను వ్రాసి వెదకవలెను. పేరు మాత్రము వ్రాసిన చాలదు. మీ సర్వరులో అంతకుముందు ఎవ్వరును ఆ సమూహము పొలిమేర త్రొక్కనిచో అది కనబడుటకు కొంత ఆలస్యము కావచ్చును. కనబడిన పిదప వ్యక్తిని అనుసరించినట్లే అనుసరింపుడు. వ్రాయదలచినపుడు బహిరంగమైన వ్రాతలో ఆ చిరునామాను పేర్కొనుడు. లెమ్మీ సమూహమునకు పంపుచున్నచో మొదటి పంక్తిని శీర్షికగా పనికివచ్చునట్లు చిన్నదిగా వ్రాయుడు. అచ్చట మీ వ్రాత మొదలే శీర్షికగా కనబడును. ‘నమస్కారమండీ, అందరు బాగున్నారా’ అని మొదలుపెట్టినచో అదియే శీర్షికయగును. మా మొదటి వ్రాతకు అట్లే అయినది.

హ్యాష్‌ట్యాగును పూర్తిగా వదలివేయుడని మేము చెప్పుట లేదు. వ్రాత చివర, విభక్తి చేర్చక, అందరు ఎరిగిన వర్ణక్రమములో ఒకటి రెండు తగిలించిన నష్టము లేదు. సమూహము వ్రాతను మోసికొనిపోయిన సర్వర్లలో ఆ హ్యాష్‌ట్యాగు కూడ వెదకువారికి కనబడును. మా శ్రోతకు ఈ సంగతులతో పాటు బీరపాదును గూర్చిన ప్రశ్న వ్రాసినవారి పూర్తి చిరునామాను కూడ పంపినాము.